పాత టోపోషీటు ప్రకారం మా ఊరు గోదావరిలో పడుతోంది: తప్పెక్కడ, నైజాం సరిహద్దు ఎక్కడ?

మీరు అడిగినదాన్ని ముందు నా మాటల్లో ఒకసారి చెప్తాను, తేడా ఉంటే సరిచేయండి. మీ తాతగారి ఊరు గోదావరి కుడి ఒడ్డున, వేలేరుపాడు చుట్టుపక్కల, అప్పటి నైజాం ఇలాకాలో ఉండేది. మీకు రెండు పాత మ్యాపుల స్కాన్లు దొరికాయి. ఒకటి నలుపు తెలుపుది, అంగుళానికి నాలుగు మైళ్ళ స్కేలు. రెండోది రంగుల్లో ఉన్న అంగుళానికి మైలు టోపోషీటు (కొండలు, వాగులు, ఊళ్ళు, నేల ఎత్తులు చూపే సర్వే మ్యాపు), పైన 65 నంబరు ఉంది. రెండింటి అంచుల్లో అక్షాంశ రేఖాంశాలు చదివి ఫోన్‌లో కొట్టారు. మొదటిదాని ప్రకారం ఊరు నది దాటి అవతలి ఒడ్డున పడింది, రెండోదాని ప్రకారం ఇసుకలో పడింది. ఇంట్లో పెద్దవాళ్ళేమో ఊరు నదికి ఇవతలే ఉండేదంటున్నారు. సరిహద్దు నది మధ్యలో ఉందా, ఒడ్డున ఉందా అన్నది రెండో ప్రశ్న. ఈ మ్యాపు పోలవరం ముంపు పరిహారానికి కాగితంగా పనికొస్తుందా అన్నది మూడోది.

మ్యాపుల పనిలో ముప్పై ఏళ్ళకు పైగా ఉన్నాను. మీ పెద్దవాళ్ళు చెప్పిందే నిజం. మ్యాపులు కూడా అబద్ధం చెప్పలేదు, ఆ అంకెల్ని ఇవాళ్టి ఫోన్‌లో నేరుగా కొట్టడమే తప్పు.

మొదట నలుపు తెలుపుది చూద్దాం. 1905కు ముందు సర్వే ఆఫ్ ఇండియా వాడిన రేఖాంశాల్లో ఒక పాత పొరపాటు ఉంది. దేశం మొత్తం త్రికోణమితి సర్వేకు మూలబిందువు మధ్య భారతంలోని కల్యాణ్‌పూర్. దాని రేఖాంశాన్ని ఉండాల్సినదానికంటే 2 నిమిషాల 27 సెకన్లు ఎక్కువగా లెక్కగట్టారు. టెలిగ్రాఫు ద్వారా గ్రీనిచ్‌తో సమయం సరిచూసుకున్నాక అసలు లెక్క తేలింది. కొత్త షీట్లలో సరిదిద్దారు కానీ, పాత షీట్లు అలాగే చెలామణీలో ఉండిపోయాయి. కొన్నింటి అడుగున చిన్న అక్షరాల్లో ఈ సవరణ గురించి ఒక నోటు ఉంటుంది. స్కాన్ చేసేవాళ్ళు మార్జిన్లు కత్తిరించేస్తారు కాబట్టి మనకు అది కనబడదు.

2 నిమిషాల 27 సెకన్లంటే ఎంత? భద్రాచలం అక్షాంశం దగ్గర ఒక నిమిషం రేఖాంశం సుమారు 1.77 కిలోమీటర్లు. అంటే మొత్తం 4.3 కిలోమీటర్ల పైచిలుకు. పాత అంకె ఎక్కువగా ఉంది కాబట్టి, సవరించకుండా ఫోన్‌లో కొడితే ఊరు అంత దూరం తూర్పుకు జరుగుతుంది. మీ ఊరికి తూర్పున ఉన్నది గోదావరే. నైజాం ఊరు ఒక్క గెంతులో బ్రిటిష్ ఒడ్డుకు చేరిపోయింది!

నా మాట మీద నమ్మకండి, మీరే పరీక్ష పెట్టుకోండి. నది కదులుతుంది, ఊళ్ళు లేచిపోతాయి, కానీ కొండ కదలదు. భద్రాచలం గుడి ఉన్న గుట్ట ఇప్పటి లెక్కలో సుమారు 80 డిగ్రీల 53 నిమిషాల దగ్గర ఉంది. మీ నలుపు తెలుపు మ్యాపులో దాని రేఖాంశం ఎంతో చదవండి. 55 నిమిషాలు దాటి కనిపిస్తే మీ షీటు పాత లెక్కదే. ఊరి రేఖాంశంలోంచి ఆ 2 నిమిషాల 27 సెకన్లు తీసేసి మళ్ళీ కొట్టండి.

ఈ ముక్క నాకు సులువుగా తెలియలేదు. పనిలో చేరిన కొత్తలో ఒక కాలువ అలైన్‌మెంటు కోసం పాత షీటునూ కొత్త షీటునూ అతికించాను. వాగులన్నీ ఒక్కో చోట తెగిపోయి పక్కకు మొదలవుతున్నాయి. వారం రోజులు టెన్షన్ పడి, వాగులు దిశ మార్చుకున్నాయని రిపోర్టులో రాసేశాను కూడా. పక్క టేబుల్ దగ్గరి పెద్దాయన భూతద్దంతో అడుగు మార్జిన్ చూసి, ‘వాగులు మారలేదు నాయనా, నువ్వు చదవలేదు’ అన్నారు. అప్పటినుంచి ఏ మ్యాపు చేతికొచ్చినా మధ్యలో చూడను, ముందు అంచులు చదువుతాను.

ఇక రంగుల షీటు. దాని నంబరులోనే చిరునామా ఉంది. 1905 తర్వాత మొదలైన ఈ కొత్త వరసలో నాలుగు డిగ్రీలు పొడవు, నాలుగు డిగ్రీలు వెడల్పు ఉన్న గళ్ళకు నంబర్లు ఇచ్చారు. 65 అంటే 16 నుంచి 20 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80 నుంచి 84 డిగ్రీల తూర్పు రేఖాంశం. అందులో ఒక్కో డిగ్రీ గడికి ఎ నుంచి పి వరకు అక్షరాలు. లెక్క ఎడమ పక్కన పైనుంచి కిందికి దిగి, మళ్ళీ పక్క వరస పైకి వెళ్తుంది. ఒక్కో డిగ్రీ గడిని అదే పద్ధతిలో మళ్ళీ పదహారు చేస్తే అంగుళం షీట్లు వస్తాయి. ఈ లెక్కన భద్రాచలం 65 సి/14లో పడుతుంది. 81 డిగ్రీలు దాటి కూనవరం వైపు వెళ్తే 65 జి. ఈ లెక్క చేతికొస్తే, ఏ ఊరికి ఏ షీటు అడగాలో మీరే చెప్పగలరు. మా రోజుల్లో ఇంటర్వ్యూల్లో అడిగే ప్రశ్న ఇది.

ఈ షీటులో 4 కిలోమీటర్ల తప్పు లేదు. వేరే చిన్న తప్పు ఉంది. ఆ మ్యాపు వేసింది ఎవరెస్ట్ గోళం లెక్క మీద, 1830లో భూమి ఆకారానికి కట్టిన కొలతలవి. ఫోన్ వాడేది డబ్ల్యుజిఎస్ 84 అనే ఇప్పటి కొలతల లెక్క. మన ప్రాంతంలో ఈ రెండింటికీ తేడా సుమారు 200 మీటర్లు. సవరించకుండా కొడితే బిందువు ఎక్కువగా తూర్పుకు, కొంచెం దక్షిణానికి జరుగుతుంది. దీనికి కాగితం సాగడం కూడా కలపండి. ఒక అంగుళం షీటు పొడవు పదిహేడు అంగుళాల పైన ఉంటుంది. వందేళ్ళు గాలి తగిలి, తడి తగిలి, మడతలు పడిన కాగితం ఒక్క శాతం సాగినా నేల మీద 270 మీటర్లు. ఒడ్డున ఉన్న ఊరు నీళ్ళలోకి పోవడానికి అంతకంటే ఏం కావాలి? మీరు కూజిఐఎస్ లాంటి సాఫ్ట్‌వేర్ వాడగలిగితే నాలుగు మూలలతో సరిపెట్టుకోకుండా, కొండ శిఖరాలు, రాతి మీద ఉన్న వాగుల కలయికలు, పాత గుళ్ళు ఒక పది పన్నెండు బిందువులు తీసుకుని షీటును కూర్చోబెట్టండి. నది ఒడ్డు బిందువుల్ని మాత్రం ఎప్పుడూ తీసుకోకండి.

ఎందుకంటే, ఆ నది మీకు తెలిసిన నది కాదు. చాలామంది గమనించని సంగతి ఇది. టోపో సర్వే పార్టీలు వానలు తగ్గాక అడవిలోకి దిగేవి, ఎండలు ముదిరాక ఆఫీసుకు తిరిగొచ్చేవి. వానాకాలమంతా కూర్చుని గీసుకునేవాళ్ళు. ప్లేన్ టేబుల్ అంటే మూడు కాళ్ళ మీద పెట్టిన చెక్క బల్ల, దాని మీద అంటించిన కాగితం. కొండెక్కి, కనిపించే గుర్తుల వైపు గురి చూసి అక్కడికక్కడే గీయాలి. వానలో ఆ పని జరగదు. పైగా ఆ అడవులు మలేరియాకు పేరుపడ్డవి. అంటే షీటులో మీరు చూస్తున్నది చలికాలపు, ఎండాకాలపు గోదావరి. ఒకటో రెండో నీలం పాయలు, వాటి మధ్య మైళ్ళ కొద్దీ నల్ల చుక్కలు. ఆ చుక్కలు ఇసుక. ఆగస్టులో అదే చోట ఒడ్డు నుంచి ఒడ్డుకు ఎర్రనీళ్ళు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు వెళ్ళింది, ఇప్పటికీ అదే రికార్డు. 2022 జులైలో 71 అడుగులు దాటింది. అలాంటి నదికి ఒడ్డు ఇక్కడ ఉందని గీత గీయాలంటే, ఏ నెలలో, ఏ సంవత్సరంలో అని అడగాల్సిందే.

ఆ సంవత్సరం షీటు అడుగునే రాసి ఉంటుంది. సర్వే చేసిన ఏడు వేరు, అచ్చేసిన ఏడు వేరు. మళ్ళీ ముద్రణ అయితే ఆ ఏడు మూడోది. నది సర్వే ఏటిది, జిల్లా పేర్లు మాత్రం అచ్చయిన ఏటివి. సరిహద్దులు ఒక్కోసారి పునర్ముద్రణలో సరిదిద్దినవి. ఒకే కాగితం మీద మూడు కాలాలు! మార్జిన్ తెగిపోయి ఉంటే పేర్లతో పట్టుకోవచ్చు. తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి అని విడిగా కనిపిస్తే 1925 తర్వాతి ముద్రణ. ఒట్టి గోదావరి జిల్లా అని ఉంటే దానికి ముందుది. అప్పర్ గోదావరి జిల్లా అని ఎక్కడైనా కనిపిస్తే అది 1860, 1874 మధ్య మాట, ఆ పేరుతో భద్రాచలం అప్పుడు సెంట్రల్ ప్రావిన్సెస్ కింద ఉండేది. భద్రాచలం, రేకపల్లి తాలూకాలు 1874లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చాయి. ఎగువన ఉన్న నూగూరు, ఆల్బాక, చర్ల 20వ శతాబ్దం మొదటి దశకంలో గానీ రాలేదు.

దీంతో మీ రెండో ప్రశ్నలోకి వచ్చేశాం. అసలు గోదావరి సరిహద్దు ఎందుకయ్యింది? అంతకుముందు రెండు ఒడ్డులూ నైజాం ఏలుబడిలోవే. 1860లో నైజాంకూ బ్రిటిష్ వాళ్ళకూ ఒప్పందం జరిగింది. నైజాంకు రాయచూరు అంతర్వేది (కృష్ణా, తుంగభద్రల మధ్య నేల), నల్దుర్గ్ తిరిగి వచ్చాయి, సురపురం దక్కింది, యాభై లక్షల అప్పు రద్దయింది. బదులుగా గోదావరికీ, దాని ఎగువన వైన్‌గంగకూ ఎడమ ఒడ్డున ఉన్న తన భూములన్నీ ఇచ్చేశాడు. రెండు రాజ్యాలకు సరిహద్దుగా ఉన్నంత మేర నదిలో పడవలు స్వేచ్ఛగా తిరగాలని, ఎగువకు దిగువకు పోయే సరుకు మీద ఎవరూ సుంకం వేయకూడదని కూడా అందులోనే రాసుకున్నారు.

అసలు గుట్టు ఆ ఆఖరి షరతులో ఉంది. వాళ్ళకు కావలసింది అడవి కాదు, పడవ దారి. మధ్య భారతం పత్తిని గోదావరి మీదుగా సముద్రానికి దింపాలన్నది ఆలోచన. ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ దీనికోసం గట్టిగా వాదించాడు. నదిలో పెద్ద రాతి అడ్డంకులు మూడు చోట్ల ఉన్నాయి, వాటిని తప్పించడానికి దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట, పక్కనే కాలువ, లాకులు కట్టారు. పైన ఇచ్చంపల్లి దగ్గరా పని మొదలైంది. రైళ్ళు వచ్చేస్తున్నాయి, ఖర్చు పెరిగిపోతోంది, 1871లో మొత్తం ఆపేశారు. దుమ్ముగూడెం వచ్చే షీటు ఎప్పుడైనా మీ చేతికొస్తే ఎడమ ఒడ్డున ఆ కాలువను వెతకండి. ఏ పడవల కోసం నదిని సరిహద్దు చేశారో ఆ పడవలు లేవు, సరిహద్దు మాత్రం మరో 77 ఏళ్ళు, హైదరాబాద్ విలీనం దాకా నడిచింది.

మరి గీత నది మధ్యలోనా, ఒడ్డునా? మ్యాపు చూసి ఇది తేల్చకండి. లెక్క చెప్తాను. అంగుళం షీటులో ఒక మిల్లీమీటరు నేల మీద 63 మీటర్లు. సరిహద్దు చుక్క మందం అర మిల్లీమీటరు అనుకున్నా 30 మీటర్లు. నలుపు తెలుపు నాలుగు మైళ్ళ మ్యాపులో అయితే మిల్లీమీటరుకే పావు కిలోమీటరు. పైగా నది వెడల్పు తక్కువగా ఉన్నచోట, ఊళ్ళ పేర్లు అడ్డొచ్చినచోట, సరిహద్దు గుర్తును గీసేవాడు తన వీలును బట్టి కాస్త ఇటు, కాస్త అటు జరుపుతాడు. నేనూ జరిపాను. అదేమీ మోసం కాదు, నీలం గీత మీద నల్ల చుక్కలు పడితే రెండూ చదవలేం కాబట్టి చేసే పని. లంక ఎవరిది, ఇసుక మేట ఎవరిది అన్న తగాదాలు ఈ గీతతో తీరవు. ఆ రోజుల్లోనూ తీరలేదు, దానికి రెవెన్యూ కాగితాలు వేరే ఉండేవి.

మీ తాతగారు రజాకార్ల గొడవల్లో రాత్రివేళ నది దాటి భద్రాచలం వైపు వెళ్ళారని రాశారు కదా. ఆ సంగతికి మాత్రం ఈ షీటు బాగా పనికొస్తుంది. నదిని అడ్డంగా దాటే చోట ‘ఫెర్రీ’ అన్న చిన్న మాట ఉందేమో భూతద్దంతో చూడండి. అదే పడవ రేవు. భద్రాచలం దగ్గర వంతెన 1965లో గానీ రాలేదు, అప్పటిదాకా అందరికీ రేవులే దారి. రేవుకు రెండు వైపులా బండిబాట గీతలు వచ్చి ఆగుతాయి. ఒడ్డు పక్కన 15, 20 లాంటి అంకె, దాని పక్కన చిన్న ‘ఆర్’ కనిపిస్తే అది సముద్రమట్టం నుంచి ఎత్తు కాదు, పక్క నేల నుంచి ఒడ్డు ఎన్ని అడుగులు నిటారుగా ఉందో చెప్పే కొలత. అది లేని చోట ఒడ్డు వాలుగా దిగుతుంది, చీకట్లో మనిషి దిగగలడు. పెద్దవాళ్ళు చెప్పిన రేవు పేరూ, ఈ గుర్తూ ఒకచోట కలిస్తే మీకు దారి దొరికినట్టే.

ఊరి పేరు వెతికేటప్పుడు స్పెల్లింగును నమ్మకండి. కుడి ఒడ్డు పేర్లు ఉర్దూ దఫ్తరు నోట పడి ఇంగ్లీషులోకి వచ్చాయి, ఎడమ ఒడ్డువి మద్రాసు గుమాస్తాల చేతి మీదుగా. మనం బూర్గంపాడు అంటాం, ఇంగ్లీషులో ఇప్పటికీ బూర్గంపహాడ్ అని రాస్తున్నారు. పాడు ఎప్పుడు పహాడ్ అయిందో ఎవరడిగారు? కాబట్టి అక్షరాలు కాదు, పలుకుబడి పట్టుకుని వెతకండి. పేరు పక్కన ఉన్న వాగూ, గుట్టా సరిపోతున్నాయా అని చూడండి. పేరు ఒకటే అయిన ఊళ్ళు ఈ ఏజెన్సీలో బోలెడు. ఆ మాటకొస్తే భద్రాచలం రోడ్ అని రైల్వే స్టేషన్ ఉంది, అది భద్రాచలంలో లేదు, నదికి ఇవతల నలభై కిలోమీటర్ల దూరంలో కొత్తగూడెంలో ఉంది. పేర్ల సంగతి ఇదీ.

ఇక మూడోది, పరిహారం. సూటిగా చెప్తాను: టోపోషీటు భూమి మీద హక్కుకు రుజువు కాదు. అందులో సర్వే నంబర్లు ఉండవు, పట్టాదారు పేరు ఉండదు, పొలం గట్లు ఉండవు. ఊరు ఫలానా చోట ఉండేది అనడానికి పక్కసాక్ష్యంగా జత చేయవచ్చు, అంతే. మీది నైజాం వైపు ఊరు కాబట్టి మీరు వెతకాల్సినవి ఆ వైపు భూమి రికార్డులు: సేత్వార్, ఊరి నక్షా, టిప్పన్, ముఖ్యంగా 1954–55 ఖాస్రా పహాణీ. ఎడమ ఒడ్డు వాళ్ళకైతే అడంగల్, ఆర్.ఎస్.ఆర్., ఎఫ్.ఎం.బి. అని మద్రాసు పద్ధతి భూమి రికార్డులు, వేరే వరస. పక్కపక్క ఊళ్ళే, కానీ 1860 నాటి గీత వల్ల కాగితాల భాషే వేరైపోయింది. ఇంకో చిక్కు, మీ ఊరి కాగితం ఇప్పుడు ఏ బీరువాలో ఉందన్నది. వరంగల్ జిల్లా, 1953 నుంచి ఖమ్మం, 2014లో పశ్చిమ గోదావరి, 2022 నుంచి ఏలూరు. వేలేరుపాడు, కుక్కునూరు మండలాలు ఎక్కడికీ కదలకుండానే ఇన్ని జిల్లాలు తిరిగాయి. ‘మా దగ్గర లేవు, అవతలి ఆఫీసుకు వెళ్ళండి’ అన్న మాట మీకు రెండు మూడు చోట్ల వినబడుతుంది. ప్రతి చోటా రాతపూర్వకంగా అడగండి, లేవన్న జవాబు కూడా రాతలోనే తీసుకోండి.

మీలాంటి వాళ్ళు ఈ షీటులో తప్పకుండా చూసేది ఇంకొకటి ఉంది, అడగకపోయినా చెప్తాను. పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే సరిగ్గా 150 అడుగులు. అంగుళం షీట్లలో గోధుమరంగు కాంటూరు గీతలు, అంటే సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు, మామూలుగా 50 అడుగులకు ఒకటి చొప్పున ఉంటాయి. మీ షీటులో ఎంతో అంచున చూసుకోండి. 50 అయితే ఆ 150 అడుగుల గీత వందేళ్ళ కిందటే అచ్చయి మీ చేతిలో ఉన్నట్టు! వేలు పెట్టి ఊరి పక్కగా ఆ గీత వెంట పోవచ్చు. మా దగ్గరికి వచ్చినవాళ్ళు చాలామంది ఇది చూసి ఒక్క క్షణం మాట్లాడరు. మొదటి దశ అంటున్న 41.15 కాంటూరు 135 అడుగులు, దానికి ఇందులో గీత ఉండదు, 100కీ 150కీ మధ్య ఎక్కడో ఊహించుకోవాలి.

కానీ దీన్ని పట్టుకుని ఆఫీసులో వాదనకు దిగకండి. ప్లేన్ టేబుల్ సర్వేలో ఎత్తులు కొన్ని చోట్లే కొలుస్తారు, మిగతా గీతంతా నేల తీరు చూస్తూ చేత్తో గీసిందే. ఒకటి రెండు నిలువుల తేడా అక్కడ లెక్కలోకి రాదు. నది పక్క చదును నేలలో నిలువున పది అడుగుల తప్పు అడ్డంగా కొన్ని వందల మీటర్లు అవుతుంది. మునిగేదీ మునగనిదీ ప్రాజెక్టువాళ్ళు వేరే చేసిన కాంటూరు సర్వే మీద నిర్ణయించారు, వరద రోజుల్లో వెనక్కి ఎగదన్నే నీళ్ళు దానికి అదనం. ఇంకో గందరగోళం కూడా చూశాను: భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులని ప్రమాద హెచ్చరికలు ఇస్తారే, అవి అక్కడి గేజి కొలతలు, సముద్రమట్టం నుంచి కావు. వాటిని ఈ 150తో పోల్చకండి.

ఇప్పుడు చేయాల్సింది. హైదరాబాద్ ఉప్పల్‌లోని సర్వే ఆఫ్ ఇండియా ఆఫీసులో మీ షీటు నంబరు చెప్పి తర్వాతి కాలపు ముద్రణలు ఏమున్నాయో అడగండి. అమెరికా సైన్యం 1950ల్లో ఈ పాత షీట్ల ఆధారంగానే తయారు చేసిన రెండున్నర లక్షల స్కేలు మ్యాపులు టెక్సాస్ యూనివర్సిటీ వెబ్‌సైట్లో ఉచితంగా ఉన్నాయి, మీ ఊరు అందులో ఉందో లేదో చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఊరు అప్పటికే కోతకు పోయి పక్కకు జరిగి ఉంటే పేరు ఒడ్డు నుంచి లోపలికి వచ్చి ఉంటుంది, లేదా పేరు పక్కన ‘పాత’, ‘కొత్త’ అని రెండు చుక్కలు కనిపిస్తాయి.

రంగుల షీటు కింది మార్జిన్‌ను ఎడమ మూల నుంచి కుడి మూల దాకా, కత్తిరించకుండా, నీడ పడకుండా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. అందులో సర్వే సంవత్సరం, కాంటూరు అంతరం, ఏ ముక్కను ఎప్పుడు కొలిచారో చూపించే చిన్న బొమ్మ ఉండాలి. అవి చూస్తే మీ ఊరి చుక్కను ఎంతవరకు నమ్మొచ్చో చెప్పగలను. నలుపు తెలుపుదాని అడుగు పట్టీ కూడా ఉంటే పెట్టండి, ఆ రేఖాంశాల నోటు దొరుకుతుందేమో చూద్దాం.